రెండు వేళ్ల నూనె

పందొమ్మిది వందల యాభైల్లో నేను ఆదోని నూనె మిల్లులో గుమాస్తాగా చేరినప్పుడు, ట్యాంకుల్లో నూనె కొలిచే ఒకాయన ఉండేవాడు. ఏదడిగినా ఒకటే మాట: "లెక్క కట్టి సెప్తా, ఉండప్పా." వాన పడుతుందా అన్నా అంతే. నా అన్నవాళ్లు లేని మనిషి. ఆయనతో కలిసి రొట్టె తినేది ఆలూరు నుంచి వచ్చిన కాపలాదారు ఒక్కడే.

ఒక సాయంత్రం వేడివేడి శనగనూనెతో ట్యాంకు నింపాం. తెల్లారి కొలకర్ర దింపితే రెండు వేళ్లు తగ్గింది. యజమాని కాపలాదారును ఎదుట నిలబెట్టి, "వీడు దొంగిలించినాడా?" అని ఆయన్ని అడిగాడు.

"లెక్క కట్టి సెప్తా" అన్నాడాయన.

రెండు రోజులు సన్నమూతి సీసాలో నూనె పోసి, వేడినీళ్లలో పెట్టి, చల్లార్చి, సీసా మీద గీతలు గీసి, పలక మీద లెక్క కట్టాడు. వేడికి పెరిగిన నూనె చల్లారితే ఎంత తగ్గాలో ట్యాంకులో సరిగ్గా అంతే తగ్గింది. యజమాని ఒప్పుకున్నాడు. అప్పటికే కాపలాదారు ఊరికి వెళ్లిపోయాడు.

ఆదివారం మేమిద్దరం ఆలూరు బస్సెక్కాం. ఆయన కాపలాదారు ఇంటి గుమ్మం ముందు నిలబడి పలక చూపించాడు.

"నువ్వు దొంగవి కాదన్నా. లెక్క తేలింది."

కాపలాదారు పలక వైపు చూడనైనా లేదు.

"అది తేలేదాకా నీకూ తెల్దా అప్పా?"

ఆ తర్వాత ఆయన మధ్యాహ్నాలు ట్యాంకు నీడన ఒక్కడే కూర్చునేవాడు. రొట్టె రెండుగా తుంచి, ఒక ముక్కే తినేవాడు. వానొస్తుందా అని నేను కావాలనే అడిగేవాణ్ణి.

"నాకేం తెల్దప్పా" అనేవాడు.