పప్పు మానేయమని చెప్పిన రోజు

2023 చలికాలం. నోయిడాకు దగ్గర్లోని వైశాలి మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను సీనియర్ డైటీషియన్‌ని. డాక్టర్లు పంపిన రోగులకు ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం నా ఉద్యోగం. ఒంగోలు నుంచి వచ్చి ఈ పనిలో పడి అప్పటికి పదిహేడేళ్లు. మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరికి షుగర్ వచ్చినా, బరువు పెరిగినా నా దగ్గరికే వచ్చేవారు. తెలుగులో మాట్లాడే డైటీషియన్‌ని నేనొక్కదాన్నే కావడం కూడా అందుకు ఒక కారణమే. నేను మాత్రం అదంతా నా గొప్పతనమేనని నమ్మేదాన్ని.

ఆ ఏడాదే శ్రావ్య చేరింది. ఇరవై ఐదేళ్ల పిల్ల. అమ్మానాన్నలది తుని, తను పుట్టి పెరిగింది ఫరీదాబాద్‌లో. తెలుగు బాగా అర్థమవుతుంది కానీ జవాబు సగంలోనే హిందీలోకి జారిపోతుంది. ఈ అమ్మాయి నాకు పోటీ అవుతుందని నేను అనుకోలేదు.

సూర్యారావు గారు నా పేషెంటు. కాకినాడ మనిషి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. యూరిక్ యాసిడ్ పెరిగి రెండుసార్లు గౌట్ వచ్చింది. కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచిపోయి, దుప్పటి తగిలినా ప్రాణం పోతున్నట్టుండే నొప్పి అది. డాక్టరు మందులిచ్చి, మాంసం, చేపలు బాగా తగ్గించమన్నారు. ఈయన ఇంకో అడుగు ముందుకేశారు.

"సగం సగం నా వల్ల కాదండీ. మానేస్తే పూర్తిగా మానేస్తాను. శాకాహారం రాసివ్వండి" అన్నారు.

రాసిచ్చాను. రెండు పేజీల ప్రింటు. ఏది ఎన్ని గ్రాములో, ఏ పూట ఎన్ని క్యాలరీలో అన్నీ గళ్లలో ఉన్నాయి. నాలుగు నెలల్లో మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశారు. మేం డైట్ రీకాల్ అంటాం, అంటే నిన్న పొద్దుట్నుంచి పడుకునేదాకా తిన్నవన్నీ అడిగి రాసుకోవడం. అలా రాసినప్పుడల్లా మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే ఉండేది. సాయంత్రం దగ్గర మాత్రం ఆర్డరు పెట్టిన చికెనే కనిపించేది.

"మీ ఛార్టు బానే ఉందండీ. ఎనిమిదింటికి ఇల్లు చేరాక అది చదివే ఓపిక ఉండట్లేదండీ."

"ఓపిక తెచ్చుకోవాలండీ" అన్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

తర్వాత మా తమ్ముడి గృహప్రవేశానికి పది రోజులు సెలవు పెట్టి వెళ్లాను. ఆ పది రోజుల్లో ఆయన్ని శ్రావ్య చూసింది. ఆరు వారాలయ్యాక ఫాలో-అప్‌కు వచ్చినప్పుడు ఆయన నా తలుపు దగ్గర ఆగి, "బాగున్నారా మేడమ్ గారూ" అని పలకరించి, పక్క గదిలోకి వెళ్లిపోయారు. మా రెండు గదులకూ మధ్య పల్చటి చెక్క గోడ. కాసేపటికి అవతల నుంచి ఆయన నవ్వు వినిపించింది. నాలుగు నెలల్లో నా ముందు ఆ మనిషి ఒక్కసారీ నవ్వలేదు.

కంప్యూటర్‌లో ఆయన ఫైలు తెరిచి చూశాను. యూరిక్ యాసిడ్ మొదటిసారి హద్దులోకి వచ్చింది. సంతోషం కలగాల్సింది పోయి, ఆమె ఏం రాసిచ్చిందోనని ఫైల్లో వెతికాను.

ఆమె రాసిచ్చింది ఒకే ఒక్క కాగితం. చేతిరాత. సోమవారం పెసరట్టు, పెసలు పొద్దున ఆఫీసుకు బయల్దేరే ముందే నానబెట్టాలి. మంగళవారం సొరకాయ పప్పు, అన్నం, రెండూ ఒకే కుక్కర్‌లో. బుధవారం పనీర్, క్యాప్సికమ్ వేపుడు, పుల్కాలు వీధి చివర కొనుక్కోవచ్చు. గురువారం కూరగాయల ఉప్మా. శుక్రవారం ఉడికించిన శనగలు, పెరుగన్నం. గ్రాముల ఊసే లేదు.

"ఇదేం ఛార్టు శ్రావ్యా?" అని అడిగాను.

"ఫ్రిజ్ కా ఫొటో మంగాయా మేడమ్, పంపమన్నాను. అందులో ఏముందో చూసి అదే రాశాను, బస్. అర్ధగంటలో అయిపోవాలి కదా ఆయనకి."

అంతే. పదిహేడేళ్లలో అంత చిన్న ప్రశ్న నాకెందుకు తట్టలేదో అర్థం కాలేదు. మెల్లగా నా పేషెంట్లు కూడా రిసెప్షన్‌లో ఆమె పేరే అడగడం మొదలుపెట్టారు. మునిర్కాలో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న ఒకమ్మాయి రెండేళ్లుగా నా దగ్గరికే వచ్చేది. ఆ అమ్మాయి కూడా, "ఈసారి శ్రావ్య దీదీకి చూపిస్తాను ఆంటీ, ఏమనుకోకండి" అంది. ఠీక్ హై అన్నాను. రోజూ పొద్దున్నే ఆమె అపాయింట్‌మెంట్లూ నావీ లెక్కపెట్టుకునేదాన్ని. చెక్క గోడ అవతల ఎవరు నవ్వినా చేతిలో పని ఆగిపోయేది.

ఒకరోజు శ్రావ్య సెలవులో ఉంది. సూర్యారావు గారు భార్య పద్మ గారితో కలిసి రిపోర్టు చూపించడానికి వచ్చి, ఆమె లేదని తెలిసి నా ముందు కూర్చున్నారు. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం జేబులోంచి తీశారు. దాని మీద పసుపు మరకలు.

"పన్నెండేళ్ల కాపురంలో మొదటిసారి ఈయన పోపు వేశారండీ. నేనొచ్చేసరికి వంటయిపోతోంది. అంతా శ్రావ్యమ్మ చలవేనండీ" అని పద్మ గారు మురిసిపోయారు.

నేను కాగితం చేతిలోకి తీసుకున్నాను. "ఇందులో వారానికి మూడుసార్లు పప్పుదినుసులున్నాయే? యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లకు ఇవి ఎలా రాసింది?"

ఇద్దరి ముఖాలూ మారిపోయాయి.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. ఆహారంలో ప్యూరిన్లనే పదార్థాలుంటాయి. అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. పప్పుల్లోనూ ఉంటాయి కాబట్టి అవీ మానాలని నేను చదువుకున్న రోజుల్లో నేర్పేవారు. తర్వాత ఆ మాట మారింది. మాంసం, చేపలు చేసినంత హాని పప్పులు చేయవని తేలింది. అది నేను చదివాను, సెమినార్లలో విన్నాను. ఆ రోజు నోరు తెరిచినప్పుడు కూడా ఆ విషయం నాకు గుర్తుంది.

"కొన్నాళ్లు పప్పులు మానేయండి" అన్నాను.

"మరి శ్రావ్యమ్మ గారు ఫర్వాలేదన్నారండీ..."

"చిన్నపిల్ల కదండీ, అనుభవం రావాలి."

ఆ సాయంత్రం తేలికపడిన మనసుతో ఇంటికి వెళ్లాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

మూడు వారాలకు సూర్యారావు గారు ఒక కాలికే చెప్పు వేసుకుని, భార్య భుజం పట్టుకుని వచ్చారు. పప్పులు మానేశాక ఆ కాగితంలో సగం వంటలు పోయాయి. మిగిలినవాటితో కడుపు నిండలేదు. మళ్లీ ఆర్డర్లు మొదలయ్యాయి. చివరికి ఆఫీసు పార్టీలో రొయ్యలు, బీరు. మర్నాటికి వేలు వాచింది.

వరండాలో పద్మ గారు శ్రావ్యను పట్టుకుని నిలదీశారు. "నువ్వు రాసిన పప్పులు తిన్నందుకే ఇదంతా. తప్పని తెలిసి మానేశాం. అసలు ముందే ఎందుకు రాశావమ్మా?" ఫైలు ఆమె పేరు మీదే ఉంది కాబట్టి క్లినిక్ నడిపే డాక్టరు గారు కూడా ఆమెనే రమ్మన్నారు. లోపలికి వెళ్లేముందు ఆ పిల్ల నా గదికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, మైనే గలత్ కియా క్యా, తప్పు చేశానా? పప్పు రాయకూడదా? ఎవరో తప్పని చెప్పారంట."

ఆ 'ఎవరో' నేనేనని ఆమెకు తెలియదు. "చూద్దాంలే" అన్నాను. ఆమె వెళ్లింది. నేను టీ కప్పు ఎత్తి మళ్లీ కింద పెట్టాను. ఊరుకుంటే ఆమె ఉద్యోగం పోవచ్చు. రోజూ అదే కదా కోరుకున్నాను అని తోచేసరికి నా మీద నాకే అసహ్యం వేసింది. లేచి వెళ్లాను.

డాక్టరు గారి గదిలో అందరూ ఉన్నారు. "శ్రావ్య రాసింది సరైనదే. పప్పు మానమన్నది నేను" అని ముందు హిందీలో డాక్టరు గారికి చెప్పాను. తర్వాత పద్మ గారి వైపు తిరిగి, "పొరపాటున కాదండీ, తెలిసే చెప్పాను" అన్నాను.

"ఎందుకండీ?" అన్నారావిడ. కోపం కన్నా అయోమయమే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"మీరు నన్ను దాటుకుని ఆ గదిలోకి వెళ్లడం చూడలేక."

సూర్యారావు గారు తల ఎత్తకుండానే, "నాలుగు రోజులు బాత్రూముకి కూడా గోడ పట్టుకునే వెళ్లానండీ" అన్నారు. క్షమించమన్నాను. ఆయన భార్య భుజం పట్టుకుని లేచారు.

డాక్టరు గారు నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. బయటికొచ్చాక శ్రావ్య ఒక్క మాటే అంది. "ఆ రోజు నాకో ఫోన్ చేసుంటే సరిపోయేది కదా మేడమ్." అచ్చమైన తెలుగులో అంది.

సూర్యారావు గారు మళ్లీ ఆ ఐదు వంటలకే వచ్చారు. మందులతో పాటు అవీ పనిచేసి, నాకు తెలిసినంతవరకు ఆయనకు మళ్లీ గౌట్ రాలేదు. శ్రావ్య ఇప్పటికీ నా పక్క గదిలోనే పనిచేస్తోంది. నాకు నమస్తే చెబుతుంది, కేసుల గురించి మాట్లాడుతుంది, అంతకుమించి దగ్గరికి రాదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

ఈర్ష్య పోయిందని చెప్పను. ఆమె గది ముందు కుర్చీలు నిండితే ఇప్పటికీ నాకు తెలిసిపోతుంది. ఒక్క అలవాటు మాత్రం చేసుకున్నాను. వేరొకరు రాసిన ఛార్టు నా చేతికి వస్తే, పేషెంటును ఐదు నిమిషాలు బయట కూర్చోబెట్టి, రాసినవాళ్లకు ఫోన్ చేసి ఎందుకలా రాశారో అడుగుతాను. చాలాసార్లు వాళ్లే కరెక్టు. ఆ మాట వాళ్లతో పైకి అనేశాకే పేషెంటును లోపలికి పిలుస్తాను.