కుడిచేతి అక్షింతలు

మొన్న జనగామలో ఒక పెండ్లికి పోతే, వేదిక పక్కన ఎల్ఈడీ తెర మీద పెద్ద గుండె బొమ్మ మెల్లగా తిరుగుతోంది, దాని ఒంటి మీద కొత్త జంట లైవ్‌లో నవ్వుతోంది. జనమంతా బగారన్నం వైపు చూస్తుంటే నేనొక్కడినే పెండ్లికొడుకు కుడిచెయ్యి ఎటుందా అని వెతికాను. పెండ్లి క్యాసెట్లలో తామరపువ్వు విచ్చుకుని అందులోంచి అమ్మానాన్నలు రావడం చూసి పెరిగిన నా ఈడువాళ్లకే ఇది చెప్పుకోగలను. నాకింకా ముప్పై నిండలేదు; జ్ఞాపకాలు రాయడానికి కావలసిన నడుంనొప్పి మాత్రం ముందే వచ్చింది.

చదువు అయిపోయి ఉద్యోగం రాని ఏడాది, తొర్రూరులో పెండ్లి వీడియోలు తీసే ఒక అన్న దగ్గర చేరి, కెమెరాలోంచి వచ్చే వీడియోను వచ్చింది వచ్చినట్టే ఒక బొమ్మకు బట్టలా తొడిగి తిప్పే ప్రోగ్రాం రాశాను. దానికి గుండె తప్ప ఇంకో ఆకారం రాదు. అన్న దాన్నే ఫ్లెక్సీ మీద వేయించుకున్నాడు.

అప్పుడే మా పెద్దబాపు బిడ్డ, అంటే మా అక్క పెండ్లి. చెల్పూరులో కొలువు చేసే పెద్దబాపు వారం ముందు బండి మీంచి పడి, భూపాలపల్లి దవాఖానలో కాలు పైకి కట్టించుకుని పడుకున్నాడు. పీటల మీద మా అమ్మానాన్నలు కూర్చోవాలని తేలింది. ఆయన కోరింది ఒక్కటే, జీలకర్రబెల్లం వేళ తాను వేసే అక్షింతలు బిడ్డ చూడాలి. ఫోన్లో ఆయన వీడియో తెప్పించి తెరకెక్కించే పని నాది. నా ప్రోగ్రాంలో పడ్డవాడు గుండెలోకే పోతాడు కదా, పెద్దబాపు కూడా అందులోనే తిరిగాడు.

పొద్దున సరిచూసుకుంటుంటే ఆయన కుడిచెయ్యి ఎత్తి ఊపాడు. గుండె సగం తిరిగేసరికి, ముందు కూర్చున్న మా అవ్వ లేచి తెర దగ్గరికి వచ్చింది.

"ఏందిరా గిది, నా కొడుకు ఎడమ చేత్తోని దీవిస్తడా పిల్లను?"

"ఎనక నుంచి చూస్తే అట్ల కనవడతది అవ్వా. చీర తిరగేస్తే పువ్వు తిరగవడదా, గట్లనే."

"మరి తిప్పుడెందుకు?"

అంత పదునైన ప్రశ్న నన్ను ఇంటర్వ్యూల్లో కూడా ఎవరూ అడగలేదు. వీడియోను అద్దంలోలా తిప్పి చూశాను. వెనక సరిపోయింది, ముందు ఎడమైంది. అవ్వ ఒక్కసారి చూసి, పోయి కూర్చుంది. ముహూర్తానికి ఇంకా కొద్దిసేపే ఉందనగా, వీడియోను మళ్లీ మామూలుగా పెట్టి, ప్రోగ్రాంలో గుండెను తిప్పే వాక్యాన్నే తీసేశాను. అన్న తల పట్టుకున్నాడు.

"గుండె ఆపుతవారా, పెండ్లిల? గిది ఉత్త టీవీ అయితది."

"టీవీయే కానియ్యి అన్నా. అవ్వకు నువ్వు జవాబు చెప్తవా?"

అన్న అవ్వ వైపు ఒకసారి చూసి, కెమెరా సర్దుకున్నాడు.

మేళం మోగింది, అందరూ అక్షింతలు వేశారు. తెర మీద పెద్దబాపు చెయ్యెత్తినవాడు ఎత్తినట్టే బిగుసుకుపోయాడు. నెట్టుకు ముహూర్తం పట్టింపు లేదు. అక్క పెండ్లికొడుకు తల మీది చెయ్యి తీయలేదు. తెర వైపే చూస్తోంది. పంతులు కూడా మంత్రం కొంచెం సాగదీశారు. అప్పుడు ఆ చెయ్యి కదిలింది. అక్షింతలు ఫోను మీదే పడ్డట్టున్నాయి, తెర నిండా ఒక్కో గింజ గుమ్మడికాయంత రాలింది. కుడిచెయ్యే. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఫ్యాను సరిగ్గా తిరగడంలేదని నన్నే తిట్టింది.

పెద్దబాపు ఇప్పుడు కుంటుతూనే బండి నడుపుతున్నాడు. నేను హైదరాబాదులో అదే పని చేస్తున్నాను. చూసేవాడికి బొమ్మ ముందువైపు కనిపిస్తోందా వెనకవైపా అని ప్రోగ్రామే తెలుసుకుని వీడియోను సరిచేసుకునేలా రాయడం నేర్చుకున్నాను, గుండె ఎటు తిరిగినా కుడిచెయ్యి కుడిచెయ్యిగానే ఉంటుంది. అవ్వ పోయి రెండేళ్లయింది. జనగామ గుండెలో పెండ్లికొడుకు ఒక తిప్పుకు కుడిచేత్తో, ఒక తిప్పుకు ఎడమచేత్తో సలాం చేస్తూనే ఉన్నాడు, కుర్చీలోంచి ఎవరూ లేవలేదు.