కాగులో లేని రంగు

మా మేనత్త పోయిన ఆదివారం పొద్దున కన్నుమూసింది. ధర్మవరంలో ముప్పై ఏళ్లు కాగుల్లో రంగు మరిగించి పట్టు నూలుకు అద్దిన మనిషి. చూడవచ్చినవాళ్లు "పాత క్యాన్సరే తిరగబెట్టినాదంట" అనుకుంటూ పోయారు. కాదు. రొమ్ము క్యాన్సర్ ఏడేళ్ల కిందటే నయమైంది. ఇది వేరే క్యాన్సర్. అప్పుడు కరెంటు పెట్టిన చోటే, అంటే రేడియేషన్ ఇచ్చిన చోటే, చర్మంలోని రక్తనాళాల్లో పుట్టింది. చాలా అరుదట. అరుదు కాబట్టి, దాన్ని గుర్తించని డాక్టరును క్షమించాలని నాకు చెబుతున్నారు. క్షమించను.

అత్త ప్రతి రంగునూ ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూసేది. షావుకారు తొందరపెడితే, "కండ్లు దుకాణంలో పెట్టి వచ్చినావేమప్పా? రేపు రా" అని పంపేసేది. మెచ్చుకోవడం చేతకాదు. నేను డిగ్రీ పాసైన రోజు "సరే, ఆ నూలు ఆరెయ్" అంది.

నిరుడు అత్తకు ఆ రొమ్ము మీద ఊదారంగు మచ్చ కనిపించింది. పనిలో చిందిందనుకున్నాను. శీకాయ పెట్టి రుద్దింది నేనే.

"సాలు మే, తోలూడుతాది. నా కాగులో రంగు నాకు తెలీదా? ఇది నాది కాదు."

చర్మం డాక్టరూ నాలాగే అనుకున్నాడు. "రంగుల పని పడలేదమ్మా" అని పూతమందు రాశాడు. రెండోసారి అత్త గట్టిగానే అడిగింది.

"ఈడ కరెంటు పెట్టినారు సార్. రంగైతే కడిగితే పోవాల, దెబ్బైతే పచ్చబడాల. ఇది పెరుగుతాండాది. ముక్క తీసి చూడు సార్."

"డాక్టరు నువ్వా, నేనా?" అన్నాడాయన, తలెత్తకుండానే.

తలుపు దగ్గరున్నవాళ్లు నవ్వారు. అత్త కూడా నవ్వాల్సి వచ్చింది. ఆ నవ్వును నేను మరిచిపోను.

ఐదు నెలల తర్వాత బెంగళూరులో ముక్క తీసి పరీక్ష చేశారు. అప్పటికే ఊపిరితిత్తులకు పాకింది. నేను కరెంటును తిట్టబోతే అత్త ఒప్పుకోలేదు. "దాన్నెందుకే? ఏడేండ్లు బతికించినాది. చెప్తే వినని నాకొడుకును తిట్టు."

తిట్టి ఊరుకోలేను. నిన్న ఆయన క్లినిక్‌లో పేరు రాయించుకొని కూర్చున్నాను. లోపలికి పోలేదు. వరుసలో ఉన్న ఆడవాళ్లకు ఫోనులో ఆ మచ్చ ఫొటో చూపించాను. కరెంటు పెట్టించుకున్న చోట ఎన్నేళ్లకైనా ఇట్లాంటిది లేస్తే, ముక్క తీయించేదాకా కుర్చీ దిగొద్దన్నాను.

కాంపౌండరు పరుగున వచ్చాడు. "ఏమక్కా, ఈడ గలాటా చేస్తాండావా?"

"అవునన్నా. రేపూ చేస్తా. మీ సారుకు చెప్పు."

ఇంతలో ఒక పెద్దామె నా చేతిలోంచి ఫోను తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత గోడవైపు తిరిగి, కొంగు చాటున, రవిక పైహుక్కు మెల్లగా విప్పుకొంది.