మా నాయనమ్మ మ్లేచ్ఛులు

మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో ఆట ఆడుతూ, "తాతా, బార్బేరియన్ అంటే ఏటి?" అని అడిగింది. అనాగరికుడని చెప్పి ఊరుకోవచ్చు. రిటైరైన తెలుగు మాస్టర్ని పట్టుకుని అలా అడగడమే దాని పొరపాటు. అనాగరికుడంటే నగరం ఎరగనివాడమ్మా, ఆ లెక్కన మన నరసన్నపేట వాళ్ళమంతా ఆ బాపతేనని మొదలుపెట్టాను. తమ భాష రానివాళ్ళ మాటలు 'బర్ బర్'మని వినిపించి గ్రీకులు వాళ్ళకా పేరు పెట్టారనీ, మన మ్లేచ్ఛ శబ్దానికీ మొదటి అర్థం మాట స్పష్టంగా పలకనివాడనేననీ చెప్పేసరికి పిల్ల మళ్ళీ ఆటలో పడిపోయింది. నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మాది కిరాణా కొట్టు, వెనకే ఇల్లు. సముద్రపు ఒడ్డు పల్లెల నుంచి చేపలమ్మే ఆడవాళ్ళు ఎండబెట్టే చేపలకి ఉప్పు కొనడానికి వచ్చేవారు. బస్తాల పక్కన పీట వేసుకుని కూర్చునే నాయనమ్మ, వాళ్ళు మెట్టు దిగగానే "మ్లేచ్ఛపు మూక" అంటూ పసుపునీళ్ళు చల్లేది. ఆ మాటకి అర్థం నీసు వాసన అనుకునేదేమో మరి! వాళ్ళలో ఒకావిడ మహా గట్టిది. "సల్లమ్మా సల్లు, మా ఊరి దాకా సల్లు" అని నవ్వుకుంటూ పోయేది.

నేను కాలేజీలో ఉండగా నాయనమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఏదో ముద్దముద్దగా అనేది, ఒక్క ముక్క తెలిసేది కాదు. మూడు రోజులు మెతుకు ముట్టలేదు. అమ్మా పిన్నీ చెరోపక్క కూర్చుని గంజి పట్టించబోతే మొహం తిప్పేసుకుని అరిచేది. "నీళ్ళా? మందా? ఏటి కావాలి?" అని మేమూ అరిచేవాళ్ళం. ఇలా తిండి మానేస్తే మనిషి దక్కదని డాక్టరు చెప్పేశాడు.

నాలుగో రోజు ఉప్పుకొచ్చిన ఆ గట్టావిడ ఖాళీ పీట చూసి, సంగతి విని, తట్ట మెట్టు మీద దించి సరాసరి లోపలికి వచ్చేసింది. 

"ఏటమ్మా అలగ అరుస్తన్నారు? ఆయమ్మకి పోయింది మాట, సెవులు కాదు" అని మమ్మల్ని కసిరి, మంచం పక్కన గొంతుక్కూర్చుంది. నాయనమ్మ గొణిగిందంతా ఊకొడుతూ చాలాసేపు విన్నది. మళ్ళీ చెప్పించుకుని విన్నది. తరవాత మావైపు తిరిగింది.

"మూతి పక్కనుంచి కారిపోతంటే కోడళ్ళు సూస్తన్నారని సిగ్గు. మా అత్తకీ ఇలగే ఉండేది. తలుపేసి ఎల్లండి."

మాకందరికీ తల కొట్టేసినట్టయింది. తలుపు వేసి వసారాలో నిలబడ్డాం. కాసేపటికి ఆవిడ ఖాళీ గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. అమ్మ ఆ గిన్నె అందుకుని ఏడ్చేసింది.

నాయనమ్మ మరో ఏడాది బతికింది. ఉప్పుకొచ్చిన రోజు ఆవిడ, మిగతా రోజుల్లో తలుపేసుకుని, చూపు పక్కకి తిప్పుకుని అమ్మ తినిపించేవారు. మ్లేచ్ఛ అన్న మాట నాయనమ్మ మళ్ళీ అనలేదు. అనలేదో, అన్నా మాకు తెలియలేదో!

ఇది రాస్తుంటే ఆవిడ పేరు కూడా రాయాలనిపించింది. ఉప్పుకొచ్చే మనిషి అనుకోవడమే తప్ప పేరేమిటని అప్పుడు మా ఇంట్లో ఒక్కరం అడగలేదు. ఇప్పుడు అడగాలని ఉంది, చెప్పేవాళ్ళే ఎవరూ మిగల్లేదు.