సారు గోల్ఫ్‌కు నేను తెచ్చిన ట్రాలీ

కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి మీరు వినే ఉంటారు. ఎలుకను తెమ్మంటే కొండను లోడెత్తించుకొచ్చినవాణ్ణి మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్ణే. ఆ కొండ నా పరువు ఎంత తీసిందో చెబుతాను. చేతిలో చాయ్ ఉంటే పక్కన పెట్టండి. నవ్వొచ్చి మీద పోసుకుంటే పూచీ నాది కాదు.

అప్పుడు నేను నాచారంలో అట్టపెట్టెలు చేసే ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. పర్చేజ్ సెక్షన్. ఇంకా పర్మనెంట్ కాలేదు. కానీ చిల్కానగర్‌లో మా గల్లీ అంతా నన్ను అప్పటికే "పర్చేజ్ ఆఫీసర్" అనేది, ఎందుకంటే అలా అని గల్లీ అంతా చెప్పుకున్నది నేనే. పర్మనెంట్ కాకపోతే ఆ గల్లీలో తలెత్తుకు తిరగలేను. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: మా ఓనరు సారు ఏ పని చెప్పినా అర్థం అడగకూడదు. అడిగితే తెలియదనుకుంటారు. నా గొయ్యి నేనే తవ్వుకోవడం అప్పుడే మొదలైందన్నమాట.

ఒకరోజు సారు ఫోన్ చేశారు. ఆయనది భీమవరం వైపు.

"శ్రీశైలం, ఆదివారం మన పెట్టెల ఆర్డర్ మాట్లాడటానికి బెంగళూరు పార్టీతో గోల్ఫ్‌కి వెళ్తున్నాను. ఈ క్లబ్బులు మోయలేక నడుం పడిపోతోంది. మంచి ట్రాలీ ఒకటి చూసి అక్కడికే తీసుకురా. నీ సెలక్షన్ ఎలా ఉంటుందో చూశాకే నీ పర్మనెంట్ సంగతి."

ఆ చివరి మాటతో నా చెవులు మిగతావన్నీ వదిలేశాయి. క్లబ్బంటే నాకు తెలిసింది మా గల్లీ చివర క్యారమ్స్ ఆడే రేకుల షెడ్డు. దాన్ని మోయడమంటే కుర్చీలు, బల్లలు తరలించడమే అయి ఉంటుందనుకున్నాను. ఇక ట్రాలీ అంటే మా నాచారంలో సామాన్లు మోసే ఆటో. ఎవర్నడిగినా అదే చెబుతారు.

"రెండు చక్రాలది వద్దు, ఒరిగిపోతుంది. మూడు చక్రాలదైతే నిలకడ," అన్నారు సారు.

"మూడు చక్రాలయే మస్తు ఉన్నయ్ సార్."

"బ్యాటరీది దొరుకుతుందా?"

"దొరుకుతది సార్. పొగ గూడ రాదు."

"పొగా?" అన్నారు సారు. "సరే, బ్రేకు ముఖ్యం. అక్కడ ఏటవాలు. కొంచెం తోసి చూడు."

"నేనే తోలి సూస్త సార్!"

"డిక్కీలో పడుతుందా?"

"డిక్కీదేంది సార్, మీ కారే పడతది దాంట్ల!"

సారు పగలబడి నవ్వారు. నేను జోకేశాననుకున్నారు. సారు నవ్వారంటే పర్మనెంట్ అయినట్టే అని నేననుకున్నాను. ఎవరి పిచ్చి వారికానందం.

ఇక నా పట్టుదల చూడాలి మీరు! ట్రాలీ స్టాండులో ప్రతి బండినీ పెళ్లిచూపులకు వెళ్లినట్టు నిదానంగా చూశాను. ఒకదానికి ఉల్లిగడ్డల వాసన. ఇంకోదానికి హారన్ తప్ప అన్నీ మోగుతున్నాయి. చివరికి యాదగిరి బండి నచ్చింది. అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, దిగుడున్న గల్లీలో నేనే తోలి, ఒక్కసారిగా బ్రేకు తొక్కాను. యాదగిరి తల అద్దానికి కొట్టుకుంది.

"బ్రేకు మంచిగున్నది," అన్నాను.

"నా తలకాయ మంచిగ లేదన్నా! గింతకు లోడేంది?"

"గోల్ఫ్ క్లబ్బు."

"అదెంతుంటది?"

"పెద్దోళ్ల క్లబ్బు, ఎంతన్న ఉంటది. గయ్యన్ని నీకెందుకు? బండి కడిగి తే."

ఆదివారం బంతిపూల దండ కట్టిన బండిలో అన్నోజిగూడ దాటి, గోల్ఫ్ కోర్సు ముందు దిగాం. సామాన్ల బండ్లు వెనక గేటుకు పోవాలన్నాడు వాచ్‌మన్. ఆ గేటు తిన్నగా గడ్డిమీదికే తెరుచుకుంది. దూరంగా మా సారు, పక్కనే బెంగళూరు పార్టీ. ఆ బెంగళూరాయన ఒంగి, చేతిలో కట్టెతో ఒక తెల్ల బంతిని గుంతలోకి నెట్టబోతున్నారు. అందరూ ఊపిరి బిగబట్టారు. వాళ్ల దగ్గరికి పోయి, లోడెత్తడానికి వీలుగా యాదగిరి బండిని వెనక్కి మళ్లించాడు.

చెప్పడం మరిచాను. బ్యాటరీ బండి కాబట్టి చప్పుడు లేదు గానీ, రివర్స్ గేరు వేస్తే మాత్రం పెళ్లి బ్యాండు మోగుతుంది.

బ్యాండు మోగింది. బెంగళూరాయన చెయ్యి అదిరింది. బంతి గుంతను దాటి వచ్చి మా చక్రం కింద ఆగింది.

"శ్రీశైలం! ఏంటిది?"

"ట్రాలీ సార్. మూడు చక్రాలు, బ్యాటరీ. బ్రేకు నేనే తోలి సూసిన."

"తోసి చూడమన్నానయ్యా!"

"తోద్దాం సార్, గంత మాత్రానికేంది! యాదగిరీ, దిగు. కుర్సీలు ముందెక్కియ్యాల్నా సార్, బల్లలా?"

సారు పక్కనున్న పొడుగాటి సంచిలోంచి ఒక కట్టె తీసి నా ముఖం ముందు పెట్టారు. "వీటినే క్లబ్బులంటారు."

సరిగ్గా అప్పుడే ఎవరో ఒకాయన మా ముందునుంచి పోయాడు. గొడుగు ఊచల్లాంటి చట్రం, బుల్లి చక్రాలు మూడు, దానిమీద అలాంటి సంచే. ఒంటిచేత్తో తోసుకుంటూ పోతున్నాడు. సారడిగిన ట్రాలీ అదేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. పర్మనెంట్ కూడా పోయిందనే అనుకున్నాను.

అయినా పట్టు వదల్లేదు. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. మొయ్యనీకె తెచ్చిన, మోసే పోత!" అని ఆ సంచిని బండి వెనక పడుకోబెట్టి, తాళ్లతో బిగించి కట్టించాను. అంత బండిలో ఆ ఒక్క సంచి, పెళ్లికి ఒకరోజు ముందే ఖాళీ పందిట్లోకి వచ్చేసిన చుట్టంలా ఉంది. బెంగళూరాయన గడ్డిమీద కూలబడి నవ్వారు. కళ్లు తుడుచుకుని బండిని చూసి మళ్లీ నవ్వారు.

సోమవారం సారు పిలిచారు. ఉద్యోగం పోయిందనుకుని టిఫిన్ డబ్బా కూడా సర్దుకునే వెళ్లాను.

"బెంగళూరాయన ఆర్డరిచ్చారు. నిన్ను తీసేస్తే ఊరుకోనన్నారు. అందుకని పర్మనెంట్ చేశాను."

ఆనందంతో నా నోరు తెరుచుకుంది.

"పర్చేజ్‌లో కాదు. డిస్పాచ్‌లో. రేపట్నుంచి పెట్టెల లోడుకి ట్రాలీలు పిలిచే పని నీదే."

ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేస్తే యాదగిరి అడిగేది ఒకటే: "లోడేందన్నా, పెట్టెలా, కట్టెలా?"

అందుకే, రివర్స్ బ్యాండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఏ వస్తువు తెమ్మన్నా, అది ఎంతుంటుందో చేతులు చాపి చూపించందే కదలను. ఫోన్‌లో చెప్పినా సరే, చాపాల్సిందే.