ఏడుతో మాత్రం చెయ్యకు

నిన్న దోహాలో ఉమ్ ఘువైలినా సిగ్నల్ దగ్గర నా ముందాగిన పికప్ నంబరు 142857. చూడగానే నా పాత అనుమానం లేచి కూర్చుంది.

చిన్నప్పుడు దోహా దగ్గరి మెసయీద్‌లో, నాన్న పనిచేసే రిఫైనరీ కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ప్రతి శుక్రవారం కారులో దోహా వెళ్లేవాళ్లం. సముద్రం కనిపించే వైపు సీటు కోసం అక్కకూ నాకూ జరిగిన యుద్ధాల్ని ఏ సామ్రాజ్యమూ తట్టుకోలేదు.

ఒకరోజు అక్క పందెం కట్టింది. "142857ను దేంతోనన్నా గుణించు. అవే అంకెలు, అదే వరుసల తిరుగుతయ్. తప్పితే ఏడాదంతా ఆ సీటు నీదే."

నాన్న క్యాలిక్యులేటర్ తీశాను. రెండుతో గుణిస్తే 285714. మూడుతో 428571. ఆరు దాకా ఇదే వరస. అంకెలు కుర్చీలు మార్చుకుంటున్నాయే గాని ఒక్కటీ లేచిపోదు. అక్క ఆ మిషన్‌కు లంచం పెట్టిందని నాకు గట్టి అనుమానం.

"ఏడుతోని మాత్రం చెయ్యకు. మిషన్ ఖరాబైతది, నాన్న తోలు తీస్తడు" అని అక్క స్నానానికి పోయింది.

వెంటనే ఏడు నొక్కాను. 999999!

నా గుండె జారి రిఫైనరీ గొట్టాల్లో పడింది. మిషన్ చచ్చిందనుకుని, దాన్ని నాన్న డ్యూటీ బ్యాగు అడుగున దాచేసి నోరు మూసుకున్నాను. ఆ ఏడాదంతా ఎడారి వైపే కూర్చున్నాను.

ఆ 999999 సరైన జవాబేనని, పందెం నేనే గెలిచానని తెలిసేసరికి కాలేజీకొచ్చాను.

"నీకు ముందే తెలుసు గదా అక్కా" అని ఇప్పటికీ అడుగుతుంటాను.

"నాకప్పుడు ఆరో ఎక్కం దాకనే వచ్చు గదనే" అంటుంది, ఇరవై ఏళ్లుగా లెక్కల టీచరుగా ఉన్న మా అక్క.

పాపం, ఆ 142857 మాత్రం నిజాయితీగానే ఉంది.