గోడౌను వాకిట్లో చెప్పులు

విదేశీ కంపెనీలకు చట్టం, పన్నుల సలహాలిచ్చే ఆఫీసులో చేరానంటే మా ఊత్తుకోట మామ నోరు తెరిచి కదిలే పన్ను చూపించాడు. అక్కడి సీనియర్ లాయరును అందరం అక్కా అనేవాళ్లం. కళ్లారా చూడనిదే ఆమె ఏ కాగితం మీదా సంతకం పెట్టేది కాదు.

తిరుత్తణిలో తమకున్నది ఫ్యాక్టరీ కాదు, ఉత్త గోడౌనే, కాబట్టి ఇక్కడ పన్ను పడదని ఒక విదేశీ కంపెనీ మా చేత రాయించుకోవాలనుకుంది. అక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. అక్కడి మేనేజరు మేం వచ్చేలోపే మిషన్లు ఆపి టార్పాలిన్లు కప్పించాడు, పనివాళ్లను వెనక గేటు గుండా పంపేశాడు. మిషనుకు మొక్కి పనిలో దిగే ఆ మనుషులు వాకిట్లో విడిచిన చెప్పుల గుట్టను మాత్రం మరిచాడు.

"వాచ్‌మన్ ఒకడే అంటివే అన్నా, ఆయనకెన్ని కాళ్లు?" అనింది అక్క మేనేజరుతో.

తిరువళ్లూరులోని మా ఆఫీసులో, యజమాని సార్ అది గోడౌనేనని రాసిన కాగితం అక్క ముందుకు తోశారు. "సంతకం పెట్టకుంటే నీకు పార్ట్‌నర్‌షిప్ లేదమ్మా."

"లేకుంటే పోనీ సార్. నేను చూసినాను, పెట్టను."

నువ్వయినా పెట్టమన్నట్టు కాగితం నా వైపు తిరిగింది. బస్సులో కిటికీ సీటు కూడా అడగలేని వాణ్ని. "నేనూ చూసినాను సార్," అని గొణిగాను.

అక్క కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఇంకా గట్టిగా చెప్పబ్బా, సార్‌కి ఇనపడాల."